రెండు కొలతల కోటు

గిడ్డయ్య తన కోటు తానే కుట్టుకుంటున్నాడన్న కబురు తెలిసి ఎమ్మిగనూరులో ఆ వీధి వీధంతా నవ్వింది. నవ్వరా మరి! మగ్గం గుంతలో కూర్చుని దుప్పట్లు నేసే మనిషికి కోటేమిటి, అదీ భార్య జాకెట్లు కుట్టే మిషను మీద కుట్టుకోవడమేమిటి?

నవ్వేవాళ్లకేం, ఎన్నయినా నవ్వుతారు. చిన్నప్పటి నుంచి కుడిచేత్తో మగ్గం తాడు లాగీ లాగీ గిడ్డయ్య కుడిభుజం కిందికి జారిపోయింది. పెద్దకూతురు అర్చన రిసెప్షన్లో అద్దెకోటు వేసుకుంటే ఒక అంచు పైకి లేచి, ఒక అంచు కిందికి వేలాడింది. "పెద్దాయనా, భుజం ఎత్తు, ఇంకొంచెం ఎత్తు" అని ఫోటోలాయన అందరి ముందూ అరుస్తూనే ఉన్నాడు. ఆ ఆల్బంలో ప్రతి ఫోటోలోనూ గిడ్డయ్య తల దించుకునే ఉన్నాడు. ఇప్పుడు చిన్నకూతురు మౌనిక రిసెప్షను, ఆదోనిలో. తను నేసిన బట్టతో తను కుట్టుకున్న కోటు సరిగ్గా కుదిరితేనే స్టేజీ ఎక్కుతానని పంతం పట్టాడు. నాన్న పక్కన లేకుండా ఎట్లా నిలబడాలని మౌనిక బిక్కమొహం వేసింది.

ఆదోని బజారులో ఒక పాత కోటు కొని, కుట్లన్నీ విప్పి, ముక్కలను పేపర్ల మీద పరిచి గీతలు గీసుకున్నాడు. కాలరు తిప్పడం ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాడు. ముదురు నీలం నూలుతో మందంగా బట్ట నేశాడు. అంతవరకూ బాగానే ఉంది. కత్తెర పట్టుకున్నాక మొదలయ్యాయి అసలు తిప్పలు.

నేతగాడి చెయ్యి కదా, నేసిన గుడ్డను కత్తిరించడానికి రాలేదు. ఒక్క పోగు తెగితేనే విలవిల్లాడే మనిషి అంత బట్టనూ ముక్కలు చేస్తాడా? కత్తెర తగిలీ తగలనట్టు తగిలించి, మిగులంతా లోపలికి మడిచి కుట్టేశాడు. భుజాల్లో మడతలు, చంకల్లో మడతలు. తొడుక్కుంటే చేతులు కిందికి దిగలేదు.

ఉమాదేవి మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఇది కోటు కాదప్పా, పరుపు. పండుకోనీకి పనికొస్తాది."

గిడ్డయ్యకు చిర్రెత్తుకొచ్చింది. "నేసిన గుడ్డ కోయాలంటే నాకు చెయ్యి రాదే!"

"నేసింది యెవురు? నువ్వే గదా. సెడిపోతే మళ్లా నేస్తావు. నేను పట్టుకుంటా, నువ్వు కత్తిరించు."

కుట్లన్నీ విప్పారు. ఆమె బట్ట బిగించి పట్టుకుంది. గిడ్డయ్య పళ్లు బిగబట్టి కత్తెర వేశాడు. మొదటి కోత పడ్డాక ఏ భయమూ లేకుండా చెయ్యి సాగిపోయింది. అందరి కోట్లకూ కుడిఎడమలు ఒకే కొలత. ఈ కోటుకు మాత్రం కుడివైపు ఒక కొలత, ఎడమవైపు ఒక కొలత. కుడిభుజంలో దూది కాస్త ఎక్కువ పెట్టాడు. కోటు చేతులు వంకర వస్తే విప్పి మళ్లీ కుట్టాడు, ఆ చేతులే మళ్లీ వంకర వస్తే మిషనును తిట్టి మళ్లీ కుట్టాడు.

ఆదోని ఫంక్షను హాల్లో గిడ్డయ్య స్టేజీ మెట్లెక్కుతుంటే వీధివాళ్లంతా నోళ్లు తెరిచారు. అంచులు రెండూ సమానం. భుజాలు రెండూ సమానం. మౌనిక పెళ్లికూతురినన్న సంగతే మరిచి పరుగున ఎదురొచ్చింది.

"నాయనా, ఎంత బాగుండావు!"

గిడ్డయ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఫోటోలన్నీ అయ్యేదాకా ఆమె పక్కనుంచి కదల్లేదు. ఆ రోజంత సంతోషం ఆయన ఎన్నడూ ఎరగడు.

భోజనాల దగ్గర పక్కింటి కాశప్ప వచ్చి కోటంచు పట్టి చూశాడు. ఆయనదీ మగ్గమే, ఆయన భుజమూ అంతే. ఇన్నాళ్లూ నవ్విన మనిషి గొంతు తగ్గించి అడిగాడు.

"అన్నా, మా పిల్లోని పెండ్లుంది. నాకూ ఒకటి కుట్టియ్యి."

"కుట్టియ్యను."

కాశప్ప మొహం చిన్నబోయింది. గిడ్డయ్య ఆయన జారుడు భుజం మీద చెయ్యి వేశాడు.

"గుడ్డ నేసుకోని మా ఇంటికి రాప్పా. మిషను ఇస్తా, పక్కనే కూసుంటా. కత్తెర మాత్రం నువ్వే పట్టాల."