తుతాకాలో తప్పిన ఆస్పత్రి

నర్సు అకైటి ఇరవై రెండేళ్లుగా వైతేరే దీవిలో కాన్పులు చేస్తోంది. దీవిలో సగం మంది కళ్లు తెరవగానే చూసింది ఆమె ముఖమే. అందుకే ఎంత పెద్దవాడైనా ఆమె ముందు కాస్త తగ్గే మాట్లాడతాడు. కాన్పుల గది కప్పు మాత్రం ఎవరి మాటా వినకుండా కారేది. న్యూజిలాండ్ దొరలున్నన్నాళ్లూ, రేకుల కోసం ఆమె రాసిన ఉత్తరాలకు "పరిశీలిస్తున్నాం" అని ఇంగ్లీషులో జవాబు వచ్చేది. స్వపరిపాలన వచ్చి రెండేళ్లయింది. ఇప్పుడు అదే జవాబు సొంత భాషలో వస్తోంది. ఆ మాత్రం అభివృద్ధిని కాదనలేం.

ఈసారి అకైటికి కంగారు పట్టుకుంది. బెస్త ఇంటి కోడలు తెపాయెరు కడుపులో కవలలు. నెలలు నిండవస్తున్నాయి, వానలూ మొదలయ్యాయి. పోయినేడు ఇలాంటి వానలోనే కప్పు కారి దీపం ఆరిపోయి, ఒక పసిగుడ్డు ఆమె చేతుల్లోనే పోయింది. ఆ బరువు ఆ చేతులు ఇంకా మరిచిపోలేదు.

అంతలో తుతాకా వచ్చింది. ఏటా ఆరోగ్య శాఖ వాళ్లు ఇంటింటికీ తిరిగి వాకిలి, మరుగుదొడ్డి, కప్పు చూసి మార్కులు వేసే సంబరం అది. ఊరంతా రాళ్లకు సున్నం కొట్టి, పందుల్ని తనిఖీ అయిపోయిన చుట్టాల దొడ్లోకి తోలేసి, కొబ్బరిపాలల్లో ఊరిన పచ్చిచేప అధికారుల ముందు పెడుతుంది. తప్పిన ఇంటికి నోటీసు ఇస్తారు. పద్నాలుగు రోజుల్లో బాగుచేయాలి, లేదా ఖాళీ చేయాలి.

తప్పిన ఇళ్ల జాబితా రాసేది నర్సే. అకైటి చివర్లో ఆస్పత్రిని కూడా చేర్చింది. యజమాని: ప్రభుత్వం. తనిఖీకి వచ్చిన శాఖ కార్యదర్శి రువాటోయే ఆమె పినతండ్రి కొడుకే. చేప తిన్న మత్తులో నోటీసులన్నిటికీ చదవకుండా సంతకాలు గీకి ఓడెక్కాడు. అకైటి ఆస్పత్రి నోటీసును తలుపుకు కొట్టి, కాపీ రాజధానికి పంపింది. ఇక రేకులు రాక తప్పదనుకుంది, పిచ్చితల్లి.

పద్నాలుగో రోజు ఓడ వచ్చింది. రేకులు రాలేదు. రువాటోయే దిగాడు, చంకలో "మూసివేయడమైనది" అన్న బోర్డుతో.

"ఏం చెయ్యనక్కా, చట్టం చట్టమే. మనది మనమే పాటించకపోతే దొరలు నవ్వరూ?"

"ఏడిశావులే. మరి తెపాయెరు ఎక్కడ కనాలిరా?"

"దానికీ రూలుందిగా! తుతాకాలో నెగ్గిన ఇంట్లోకి మార్చెయ్."

బోర్డు కొట్టడం పూర్తయ్యేసరికి తెపాయెరుకు నొప్పులు మొదలయ్యాయి. అకైటి ఆమెను నడిపించుకుంటూ, నూటికి నూరు మార్కులు వచ్చిన ఒకే ఒక్క ఇంటికి తీసుకుపోయింది. అది పర్యటనకొచ్చే అధికారుల విడిది. మంచం మీదున్న రువాటోయే సంచిని తీసి అరుగు మీద పెట్టింది.

"అక్కా! మరి నేనెక్కడ పడుకోను?"

"ఆస్పత్రి ఖాళీగానే ఉందిగా తమ్ముడూ. నువ్వు మూసింది రోగులకేగా!"

చీకటి పడకముందే ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, ఇద్దరూ గట్టిగా ఏడ్చారు. అకైటి కూడా ఏడ్చింది. బయట కుండపోతగా వాన. రువాటోయే కాన్పుల గదిలో మంచాన్ని మూలమూలకీ జరుపుకుంటూ తెల్లార్లూ తడిశాడు.

మరుసటి ఓడకే ఆస్పత్రి కప్పుకు రేకులు వచ్చాయి. వెంట వచ్చిన కాగితంలో కారణం కూడా రాశారు: "పర్యటనలో ఉన్న అధికారుల బస నిమిత్తం, అత్యవసరం." అకైటి దాన్ని రెండుసార్లు చదివి, పళ్లు కొరుక్కుని, అందినట్టు సంతకం పెట్టింది. మేకులు పట్టుకు రమ్మని తెపాయెరు మొగుణ్ని కేకేసింది.