నర్సవ్వ చాల్ అన్నప్పుడు

రేడియోలో నా ఉద్యోగం ముగియడానికి ఇంకా రెండేళ్లుండగా, బతుకమ్మ పండుగకు నెల ముందు, నన్ను సోలాపూర్‌కు రికార్డింగ్ పని మీద పంపారు. అప్పటికి నేను కార్యక్రమ నిర్వాహకురాలిని. అంటే ఏ పాట ప్రసారం కావాలో ఎంపిక చేసి, దాని రకమేమిటో రాసి, పై అధికారి చేత సంతకం పెట్టించుకోవలసిన మనిషిని. నాతోపాటు రికార్డింగ్ ఇంజినీరు మూర్తిగారు వచ్చారు. పనిలో ఆయనది ఎంత నిష్ఠ అంటే, మైకు దగ్గర ఎవరైనా తుమ్మితే దొంగను చూసినట్టు చూసేవారు.

రేడియోలో పాటకు రకం చాలా ముఖ్యం. భక్తిగీతమైతే పొద్దున, లలితగీతమైతే మధ్యాహ్నం, జానపదమైతే సాయంత్రం. రకం తేలని పాటకు వేళ ఉండదు. వేళ లేని పాట ఎంత బాగున్నా బీరువాలోనే ఉంటుంది. నేను వెళ్లింది జానపదం కోసం. సోలాపూర్‌లో స్థిరపడిన తెలంగాణ నేతకారుల ఇళ్లలో బతుకమ్మ పాటలు ఎలా పాడుతున్నారో ఒక అరగంట కార్యక్రమం చేయాలి.

మొదట జోడ్‌భావి పేట్‌లో ఒకరింట్లో మైకు పెట్టాం. మేం పాట ఎత్తుకోమనకముందే పక్కింటి మరమగ్గాలు ఎత్తుకున్నాయి. దాంతో సామానంతా ఆటోలో వేసుకుని బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌కు పోయాం. అక్కడ చిన్న హాలు, పాడటానికి సిద్ధంగా పదిమంది ఆడవాళ్లు దొరికారు. అందరూ ఇళ్లలో బీడీలు చుట్టేవాళ్లే. వాళ్లకు నాయకురాలు నర్సవ్వ.

నర్సవ్వకు ఈ రికార్డింగ్ మీద పెద్ద పంతమే ఉంది. ఆమె పెళ్లయి సోలాపూర్ వచ్చింది. అక్క రాజవ్వ సిరిసిల్లలోనే ఉండిపోయింది. మీరు మరాఠోళ్లయిపోయిండ్రు, బతుకమ్మ పాట మరిచిండ్రు అని ఆ అక్క ఏటా పండుగకు ఎత్తిపొడిచేదట. విని విని విసిగిన నర్సవ్వ తనే ఒక పాట కట్టింది. దాని చివరి చరణమే అక్కకు జవాబు. పాట రేడియోలో వస్తుందని అక్కకు ఫోన్ చేసి ముందే చెప్పేసింది కూడా.

"ఇది రాకుంటె మా అక్క నన్ను బతకనియ్యది మేడం," అంది నాతో.

మూర్తిగారు లెవెల్ చూసుకున్నారు. అంటే గొంతులు గట్టిగా లేచినప్పుడు శబ్దం పగలకుండా యంత్రాన్ని సరిచేసుకున్నారు. చెయ్యెత్తారు. పాట మొదలైంది. మొదటి చరణం అత్త గురించి. అది పూర్తికాగానే నర్సవ్వ "చాల్" అంది. మూర్తిగారు టక్కున ఆపేశారు. పాడేవాళ్లు చాలన్నాక ఒక్క క్షణం కూడా రికార్డు చేయకూడదన్నది ఆయన నియమం.

మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ అత్త, మళ్లీ చాల్, మళ్లీ ఆపడం. పాపం ఆమె అలసిపోయిందనుకుని మూర్తిగారు మంచినీళ్లు ఇప్పించారు. నర్సవ్వ తాగి, ఆయన వైపు అనుమానంగా చూసింది. ఈసారి ఆమె ఆ మాట ఇంకాస్త గట్టిగా అంది, ఆయన ఇంకాస్త తొందరగా ఆపారు. అందరికీ టీ తెప్పించారు. టీ తర్వాత కూడా పాట అత్తను దాటలేదు.

నర్సవ్వ నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఏంది సారూ, మా అత్త ఒక్కతే మీకు పసందా? ముంగటికి పోనియ్యరేంది?"

"మీరే కదమ్మా చాలన్నారు?"

"చాల్ అంటె చాల్ మార్చాలె గని, బంద్ జేస్తరా?"

మరాఠీలో చాల్ అంటే వరస, బాణీ. ఆమె వంత పాడేవాళ్లకు బాణీ మార్చమని చెబుతోంది. మా మూర్తిగారేమో అచ్చ తెలుగులో వింటున్నారు. సంగతి బయటపడ్డాక హాలంతా నవ్వే. నేను అధికారినన్న సంగతి మరిచి గోడకు చేరగిలబడి నవ్వాను. మూర్తిగారు కాసేపు బిగుసుకుని కూర్చున్నారు గానీ, చివరికి హెడ్‌ఫోన్లు జారి మెడలో పడేంతగా ఆయనా నవ్వారు.

ఆ తర్వాత పాట పరుగు తీసింది. అత్త చరణానికి అభంగం బాణీ, విఠలుడి భజన నడక. ఎందుకలా అంటే, అత్తను తిట్టాలంటే భక్తితోనే తిట్టాలని నర్సవ్వ వివరణ. చాల్. మొగుడికి లావణి, మరాఠీ తమాషాల్లో పాడే కొంటె వరస, ఒకరి మీద ఒకరు పడి నవ్వుతూ, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుంటూ. చాల్. బీడీలు బాగాలేవని ఏరి పారేసే చెకర్‌కు ఖవ్వాలీ, పదిమందీ చప్పట్లు చరుస్తూ. చాల్. చివరికి అక్కకు అచ్చమైన బతుకమ్మ వరస, సిరిసిల్లలో నేర్చుకున్నది నేర్చుకున్నట్టే. మూర్తిగారి పాదం తాళం వేస్తోంది, అది ఆయనకు తెలియదు.

తిరిగొచ్చాక మా కార్యక్రమాల అధికారి, ఇది భక్తిగీతమా, జానపదమా, ఖవ్వాలీయా అని అడిగారు. వినండి అన్నాను. లావణి దగ్గర ఆయన కుర్చీలో ముందుకు వంగారు. ఖవ్వాలీ అయ్యాక కలం తీసి, జానపదమని తనే రాసి సంతకం పెట్టారు.

ప్రసారమైన సాయంత్రమే నర్సవ్వ ఫోన్ చేసింది. గొంతులో ఏడుపో నవ్వో తెలియలేదు. రాజవ్వ అత్త చరణం విని, చాల్ అన్న మాట చెవిన పడగానే రేడియో కట్టేసిందట. మరాఠీ భజన పాడి నువ్వే చాలంటివి గద, ఇంకేం వినాలె అందట. బతుకమ్మ సంగతి అటుంచి, ఇప్పుడు పూర్తిగా మరాఠోళ్లయిపోయారని ఊరంతా చెబుతోందట.

నేను నవ్వలేదు, నిజంగా బాధేసింది. అధికారి దగ్గరికి పోయి పునఃప్రసారం అడిగాను. పండుగ వారంలోనే ఇచ్చారు. పాటకు ముందు నేనే మైకు ముందు కూర్చుని, ఈ పాటలో చాల్ అంటే బాణీ అని అర్థం, దయచేసి ఎవరూ రేడియో కట్టేయవద్దని చెప్పాను. నా ఉద్యోగంలో అలాంటి ప్రకటన మరొకటి చేయలేదు.

ఈసారి రాజవ్వ ఆఖరిదాకా విన్నది. వెంటనే చెల్లెలికి ఫోన్ చేసింది. ఆమె ఏమన్నదో నర్సవ్వ నాకు ఉన్నదున్నట్టు చెప్పింది.

"నా చరణం బాగనే ఉన్నది గని, ఆ మొగుని చాల్ మల్లొక్కసారి పాడే."

ఆ తర్వాత ఏ ఊళ్లో రికార్డింగ్‌కు వెళ్లినా, లెవెల్ చూసుకోవడానికి ముందే మూర్తిగారు పాడేవాళ్లను ఒక ప్రశ్న అడిగేవారు: ఆపమనడానికి మీరేమంటారు? ఆయన మరిచిపోతే నేను అడిగేదాన్ని.