తమ్ముడి కేసులో నేను మెచ్చిన బేరం

పందొమ్మిది వందల అరవైల మొదట్లో కోట అనే ఊళ్లో చిల్లరకొట్టు నడిపేవాణ్ణి. బేరమాడకుండా ఉప్పు కూడా కొనని ఇల్లు మాది. మా తమ్ముడు బుచ్చిరెడ్డిపాలెం మిల్లులో వడ్ల బస్తాలు దొంగిలించాడని కేసు పెట్టారు. దొంగతనం జరిగిన రోజు వాడు మనుబోలులో పెళ్లిలో ఉన్నాడు. ఆ మాట చెప్పడానికి పెళ్లివారు వచ్చి కోర్టు వరండాలో కూర్చున్నారు.

లా కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కుర్ర వకీలును పెట్టుకున్నాం. కేసు పిలిచే వేళకు ఆయన ముఖం పాలిపోయింది. "అన్నా, నేరం ఒప్పేసుకుంటే జరిమానాతో వదిలేస్తారు" అన్నాడు. నాకది మంచి బేరంగా తోచింది.

"ఒప్పుకోరా అబ్బయా, మధ్యాహ్నానికి ఇంటికి పోదాం" అని తమ్ముడికి చెప్పాను. వాడు నా మాట విన్నాడు. మేజిస్ట్రేటు ఆరు నెలల జైలు వేశారు.

"సాక్షులున్నారు గదయ్యా, ఎందుకట్ట చెప్పినారు?" అని వకీలును నిలదీశాను.

"కోర్టు లోపలికి రావడం నాకూ ఇదే మొదలన్నా. కాలేజీలో హాజరు పలికి, గైడు బట్టీపట్టి పాసైనాను. సాక్షిని ఎట్ట అడగాలో ఎవురూ చూపించలేదు."

వరండాలోకి వస్తే, "మమ్మల్నెప్పుడు పిలుస్తారన్నా?" అని పెళ్లివారు అడిగారు.

లా చదివే పిల్లల్ని ముందు కోర్టులో కూర్చోబెట్టి పని నేర్పాలని ఇప్పుడు పత్రికల్లో పెద్దలు రాస్తున్నారు. నేర్పాలి. జైలు నుంచి వచ్చాక మా తమ్ముడు, "దొంగనని ఒప్పుకున్నోణ్ణి గదన్నా" అని, కొట్లో గల్లాపెట్టె దగ్గర ఒక్కసారి కూడా కూర్చోలేదు.