పాత ఆది జాకెట్టు

మా అన్నయ్య పేరున్న దర్జీ. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, టేపు తీయకుండానే ఛాతీ ఎంతో నడుమెంతో చెప్పేస్తాడు. పెళ్లికొడుకు రెండు కిలోలు పెరిగితే కన్నతల్లి కంటే ముందు ఇతగాడే కనిపెడతాడు. అలాంటివాడు సొంత పెళ్లాం దగ్గరికొచ్చేసరికి దీపం కింద చీకటి. తోబుట్టువునైనంత మాత్రాన వెనకేసుకురావాలని ఎక్కడుంది?

వదిన నోట్లో నాలుక లేని మనిషి. ఇరవై ఆరేళ్లుగా అదే దుకాణంలో, అన్నయ్య మిషను వెనక కూర్చుని కాజాలు కుడుతోంది. పక్క బల్ల మీద ఇస్త్రీ నాది. వాళ్లమ్మ పోయాక వదినకి తిండి సయించలేదు. రెండేళ్లలో సగమైపోయింది. అన్నయ్య భోజనానికి లేచినప్పుడల్లా తన జాకెట్లు తనే పక్కలు పట్టి బిగించుకునేదట. మిగతాది చీర కప్పేసేది.

ఈ ఏడు కూతురూ అల్లుడూ పట్టుబట్టి ఇద్దరినీ విదేశం పంపారు. వేడినీటి బుగ్గలున్న పాతకాలపు ఊరు, వారం రోజులు. అక్కడ చీరతో నీళ్లలోకి దిగనివ్వరట. "కొనడమెందుకు, నేను లేనూ?" అంటూ అన్నయ్య ఈత బట్ట తెప్పించి, మోకాళ్ల దాకా వచ్చే డ్రెస్సు మొదలుపెట్టాడు. కొలతకి సొరుగులోంచి వదిన ఆది జాకెట్టు తీశాడు. ఒంటికి సరిగ్గా అమరిన పాత జాకెట్టు ఒకటి ఆదిగా ఇస్తే, దాన్ని చూసే కొత్తవన్నీ కుడతారు. అది ఆరేళ్ల నాటిది.

వదిన చూస్తూనే ఊరుకుంది. ఆ సంగతి తిరిగొచ్చాక నాతో చెప్పింది.

"అప్పుడే చెప్పొచ్చు కదా వదినా?"

"చెబితే కొలుస్తారే. చెప్పకుండా చూస్తారేమోనని. అక్కడ మిషనుండదు, బేరాలుండవు. ఎదురుగా నేనొక్కదాన్నే కదా."

కానీ అక్కడ ఊరంతా కోట్లు తొడుక్కున్న జనం. రాతి స్తంభాల మండపంలో చేత చిన్న గిన్నెలు పట్టుకుని, ఒంటికి మంచిదని ఆ బుగ్గ నీళ్లు చప్పరిస్తూ జంటలు జంటలుగా తిరుగుతున్నారు. వదినా ఒక గుక్క తాగింది. తుప్పు మేకులు నానబెట్టినట్టు ఉందట. ఆ మాట చెబుదామని తిరిగితే, "ఆ కోటు భుజం చూడు, ఎంత బాగా కూర్చుందో!" అని ఈయన ఎవరి వెనకాలో నడిచిపోతున్నాడు. సాయంత్రం దాకా అదే వరస. అంత ఒంటరితనం దుకాణంలో కూడా తెలియలేదంది వదిన. అక్కడైతే చేతిలో పనుండేది.

మూడోరోజు స్నానశాలకి వెళ్లారు. బట్టలు మార్చుకునే గదులు ఆడా మగా వేరు, కొలను ఒక్కటే. అన్నయ్య ముందే దిగి మెడ దాకా నీళ్లలో ఉన్నాడు. వదిన డ్రెస్సుని రెండు పక్కలా పిడికిళ్లతో పట్టుకుని మెట్లు దిగింది. దిగగానే నీళ్లు లోపలికి చేరి బట్ట బుడగలా ఉబ్బింది. భుజం జారిపోయింది. సర్దుకోకుండా అలాగే నిలబడిందట, కావాలనే.

అన్నయ్య చూశాడు. చాలాసేపు చూశాడు.

"గుండె దడదడలాడిందే. పెళ్లిచూపుల్లో కూడా అంతసేపు చూడలేదు" అంది వదిన.

ఆయన నీళ్లు తోసుకుంటూ దగ్గరికొచ్చాడు. ఆమె పక్కన వేలాడే బట్టని రెండు వేళ్లతో పట్టి సాగదీశాడు.

"మోసపోయానే! ఈ బట్ట నీళ్లకి ఇంత సాగుతుందని కొట్టువాడు చెప్పనే లేదు" అన్నాడు.

"అవునండీ, సాగింది" అంది వదిన. చెక్కబల్ల మీద తువ్వాలు కప్పుకుని కూర్చుంది. అన్నయ్య గంటసేపు హాయిగా నీళ్లలో గడిపాడు. మిగతా రోజులు తలనొప్పి అని చెప్పి ఆవిడ గది దాటలేదు. కిటికీలోంచి, ఒకరి చేయి ఒకరు పట్టుకుని పోయే ముసలి దంపతుల్ని చూస్తూ గడిపింది.

ఇదంతా విని నాకు ఒళ్లు మండిపోయింది.

"కళ్లున్నది కుట్టు చూడటానికేనా? ఉండు, ఇవాళ అన్నయ్యని కడిగేస్తాను" అని లేచాను.

వదిన నా చెయ్యి పట్టుకుంది. కోపంగా కాదు, తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"నేనింత చిక్కానని నీకెప్పుడు తెలిసిందే?"

నాకు తెలిసింది ఇప్పుడే, తను చెబుతుంటేనే. లేచినదాన్ని మళ్లీ కూర్చున్నాను.