పోతా అంటేనే సంతకం

డాక్టర్ జయపాల్‌కున్న జబ్బు ఒక్కటే. ఇంటికి వెళ్ళే రోగి "పోయొస్తా సార్" అంటే ఆయనకు ఒళ్ళు మండిపోతుంది. ఆత్మకూరు ఆసుపత్రి వార్డులో ఆ మాట అని తిట్లు తినకుండా గేటు దాటినవాళ్ళు లేరు.

ఆయన కత్తి పట్టడు, బయట బోర్డు కూడా లేదు. గుండె డాక్టరు గుండె చూసి కారెక్కుతాడు, ఎముకల డాక్టరు ఎముక చూసి కారెక్కుతాడు. మధ్యలో మిగిలిపోయిన మనిషిని మాత్రం ఈయన చూసుకుంటాడు. అంత చిన్న పని గనకే జనం ఆయన్ని "మంచాల డాక్టరు" అని గౌరవించారు.

ఉదయగిరి ఖాదర్‌బీ గుండె బలహీనమై, కాళ్ళు వాచి, ఆయాసంతో చేరడం ఇది మూడోసారి. రోజూ ఆయన మంచం మీదే చతికిలబడి, ఆమె కాలు బొటనవేలితో నొక్కి గుంట పడుతోందేమో చూసేవాడు. వాపు తగ్గింది. శుక్రవారం మనవరాలు సుమయా నిఖా. సంచి చంకన పెట్టుకుని ఖాదర్‌బీ మర్యాదగా అంది.

"పోయొస్తా సార్."

"రెండుసార్లు ఆ మాటన్నావు, రెండుసార్లూ నిలబెట్టుకున్నావు. ఈసారి పోతా అను."

"అపశకునం సార్, అట్ట అనగూడదు."

"పోనీ, మీ భాషలో చెప్పు."

"జాకే ఆతుం."

"అందులోనూ వచ్చేస్తుండావే." ఆయన డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టకుండా పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

గడప దగ్గర "పోతా" అంటే పోయేది ఇంటికి కాదని ఖాదర్‌బీకి చిన్నప్పుడే చెప్పారు. కొడుకు రియాజ్ బతిమాలాడు. "అనెయ్యి అమ్మీ, నిఖా దాటిపోతాది."

ఆమె కళ్ళు మూసుకుని, అల్లాను తలుచుకుని, "పోతా" అంది.

"పో. ఊరగాయ ముట్టుకున్నావో, చంపుతా" అని డాక్టరు ఆశీర్వదించాడు.

ఉదయగిరి దాకా ఆమె ఆయన్ని తిడుతూనే ఉంది.

నిఖా బాగా జరిగింది. ఆదివారం ఇంటిముందు బైకు ఆగింది. తల నిండా దుమ్ముతో జయపాల్ దిగి, పలకరింపైనా లేకుండా ఆమె కాలు నొక్కాడు. తర్వాత వంటింట్లో దూరి ఊరగాయ జాడీ మూత తీసి చూశాడు.

"నన్ను రావొద్దంటివే సార్, మరి నువ్వెందుకొచ్చినావు?"

"నువ్వు రాకుండా ఉండాలంటే నేను రావాల గదమ్మా. చీకటి పడేలోపల కలువాయిలో ఇంకో కాలు నొక్కాల."

ఖాదర్‌బీ కోపం అక్కడే కరిగిపోయింది. కానీ బాకీ బాకీయే. ఆయన టీ తాగి లేచి "పోయొస్తామ్మా" అనగానే గడపకు అడ్డం నిలబడింది.

"పోతా అను. అప్పుడు పంపిస్తా."

"ఎట్ట అంటానమ్మా, నోరు రావటంలా."

"అయితే వచ్చే ఆదివారం రా," అంది ఖాదర్‌బీ దారి వదులుతూ. "నొక్కేదానికి కాదు, తినేదానికి. ఉప్పు తక్కువే వేస్తాలే."