తొమ్మిదో తరగతి పిల్ల పేరిట గేదెల లోను

రిటైరవడానికి ఏడాదిన్నర ముందు, ఒక జూన్ నెలలో, నన్ను విజయవాడ ప్రాంతీయ కార్యాలయంలో ఖాతాదారుల ఫిర్యాదుల విభాగానికి సీనియర్ మేనేజరుగా వేశారు. బ్యాంకులో ఆ కుర్చీ కావాలని ఎవరూ అడగరు. పైవాళ్ళకు అది ఒక మూల, కిందివాళ్ళకు తలనొప్పి. నేను మాత్రం సంతోషంగానే చేరాను. శాఖల్లో మేనేజరుగా ఉన్నన్నాళ్ళూ టార్గెట్ల వెంట పరిగెత్తి విసిగిపోయాను మరి.

చేరిన రెండో వారంలో కంకిపాడు నుంచి ఒక తండ్రీ కూతురూ వచ్చారు. కరీముల్లా గారు టైలరు. కూతురు షాహీన్ డిగ్రీ అయ్యాక పరీక్ష రాసి వేరే బ్యాంకులో క్లర్కుగా ఎంపికైంది. ఇంకో మూడు వారాల్లో చేరాలి. చేరేనాటికి క్రెడిట్ రిపోర్టులో ఎగవేసిన అప్పేదీ ఉండకూడదని ఆ బ్యాంకు నియమం. ఆ అమ్మాయి రిపోర్టులో మా బ్యాంకు ఇచ్చిన గేదెల లోను ఒకటుంది. వసూలు కాదని రద్దుపద్దులో వేసేసిన లోను.

రిపోర్టులో తప్పుందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే అందరి అప్పుల లెక్కలు నమోదు చేసే క్రెడిట్ బ్యూరో తనంతట తాను దిద్దదు. వివరాలు పంపిన బ్యాంకును అడుగుతుంది. బ్యాంకు ‘వివరాలు సరైనవే’ అంటే ఫిర్యాదు అక్కడితో మూసేస్తారు. షాహీన్ రెండుసార్లు ఫిర్యాదు చేసింది. రెండుసార్లూ మా కంకిపాడు శాఖ ఆ మాటే రాసింది. పైగా మేనేజరు, చిన్న మొత్తమే కదా, కట్టేసి సర్టిఫికెట్ తీసుకోమని ఫోన్లో సలహా ఇచ్చాడట.

కరీముల్లా గారు కుట్టుమిషన్లలో ఒకటి అమ్మి డబ్బు తెచ్చారు. “కట్టేస్తాం మేడమ్. పిల్ల ఉద్యోగం పోకుండా ఉంటే చాలు” అన్నారు. వద్దన్నాను. కడితే ఆ అప్పు తనదేనని ఒప్పుకున్నట్టవుతుంది. బాకీ తీరినా, ఎగవేసిన చరిత్ర రిపోర్టులో ఏళ్ళ తరబడి ఉంటుంది. ఉద్యోగమూ రాదు, డబ్బూ పోతుంది.

అప్పుడు షాహీన్ అంది: “నాది కాదండీ అని ఆర్నెల్ల నుంచీ చెప్తున్నాను. ఒక్కరు కూడా ఫైలు తియ్యలేదండీ.”

ఆ మాటకు నాకు సిగ్గేసింది. వెంటనే ఆ లోను ఫైలు పంపమన్నాను.

మర్నాడు ఫైలు వచ్చింది. ఫొటోలో ఉన్నది దుర్గమ్మ అనే నడివయసు మనిషి, షాహీన్ తల్లి నడిపే పొదుపు సంఘంలో సభ్యురాలు. గేదెలు జబ్బు చేసి చచ్చిపోయాక ఊరు విడిచి వెళ్ళిపోయింది. అప్పు ఇచ్చిన తేదీ చూస్తే అప్పటికి షాహీన్ తొమ్మిదో తరగతి. శాఖ మేనేజరుకు ఫోన్ చేసి, “తొమ్మిదో తరగతి పిల్లకు గేదెల లోను ఎలా ఇచ్చారయ్యా?” అని నిలదీశాను. కంప్యూటర్లో పాన్ నంబరు సరిపోయింది మేడమ్, అందుకే సరైనవే అని రాశాను అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాను.

కానీ దరఖాస్తులో పాన్ నంబరు లేదు. మరి కంప్యూటర్లోకి ఎలా వచ్చింది? ఏ వివరం ఎవరు ఎప్పుడు ఎక్కించారో మా సిస్టంలో నమోదై ఉంటుంది. ఎక్కించినవారు ఒక క్లర్కు. దాన్ని సరిచూసి ఆమోదించినవారి దగ్గర నా ఉద్యోగి సంఖ్య ఉంది.

పాన్ ఎక్కించింది అప్పు ఇచ్చిన నాలుగేళ్ళకు. అప్పట్లో కంకిపాడు మేనేజరును నేనే. పాన్ లేని ఖాతాల జాబితా పెద్దదిగా ఉందని పైనుంచి చీవాట్లు పడ్డాయి. పాన్ లేనివాళ్ళ దగ్గర, తమకు పాన్ లేదని సంతకం చేసిచ్చే ఫారం 60 తీసుకోవాలి. దానికి ఊళ్ళు తిరగాలి. నేనేమో శనివారం సాయంత్రానికి ఒక్క పాన్ గడి కూడా ఖాళీగా కనబడకూడదని స్టాఫుకు చెప్పేశాను. పొదుపు సంఘాల కాగితాలు కట్టలుగా వచ్చేవి. పుస్తకాలు రాసిపెట్టే చదువుకున్న అమ్మాయి ఆ కట్ట తెచ్చి, తెచ్చింది తానేనని తెలియడానికి తన పాన్ కార్డు జిరాక్సు పైన పెట్టేది. ఆ సంఘానికి పుస్తకాలు రాసింది అప్పటికి డిగ్రీలో చేరిన షాహీన్. చేతికందిన ఆ నంబరును క్లర్కు పాన్ లేని దుర్గమ్మ ఖాతాకు ఎక్కించాడు. బ్యూరో మనిషిని గుర్తుపట్టేది పాన్‌తోనే కాబట్టి ఆమె అప్పు షాహీన్ పేరిట చేరింది. నేను జిరాక్సు తిప్పి చూడకుండా వరసపెట్టి ఆమోదించాను.

పాన్ తొలగించి బ్యూరోకు దిద్దుబాటు పంపాం. అది రిపోర్టులో కనబడటానికి నెల దాకా పట్టొచ్చు. మాకున్నది మూడు వారాలే. అందుకని ఆ అమ్మాయిని తీసుకునే బ్యాంకుకు ఉత్తరం రాయాల్సి వచ్చింది. ‘సాంకేతిక లోపం’ అని రాస్తే చాలని మా లా ఆఫీసరు అన్నారు. రెండుసార్లు సరైనవే అని రాసిచ్చిన బ్యాంకు ఇప్పుడు సాంకేతిక లోపం అంటే ఎవరు నమ్ముతారు? జరిగింది జరిగినట్టు రాశాను. పొరపాటు అప్పటి శాఖ మేనేజరుదని, ఆ మేనేజరును నేనేనని రాసి సంతకం పెట్టాను. ధైర్యంగా పెట్టానని చెప్పను. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషికి సర్వీసు రికార్డులో మచ్చ అంటే మాటలు కాదు.

మెమో వచ్చింది, జవాబిచ్చాను, మందలింపు నమోదైంది. షాహీన్ అనుకున్న రోజుకే ఉద్యోగంలో చేరింది.

తర్వాత ఆ శనివారం నేను ఆమోదించిన జాబితా మొత్తం తీయించాను. ఇలాగే తప్పు మనిషికి అంటించిన నంబర్లు ఇంకో పదకొండు దొరికాయి. అందరికీ ఉత్తరాలు రాశాం. హనుమాన్ జంక్షన్‌లో ఫ్యాన్సీ షాపు నడుపుకునే ఒకామె ఉత్తరం పట్టుకుని వచ్చింది. బ్యాంకువాళ్ళు కట్టేయమంటే ఆ పరాయి అప్పు రెండేళ్ళ క్రితమే కట్టేశానంది. షాపుకి లోను మాత్రం రాలేదంది. నా మీద కోప్పడలేదు. “మీరే అడుగుతున్నారు కదండీ, నాదే అయ్యుంటుంది అనుకున్నా” అంది.

ఆమె డబ్బు వెనక్కి ఇప్పించే ఫైలు నేను రిటైరయ్యేనాటికి ఇంకా కదులుతూనే ఉంది. బ్యాంకు రాసిందంటే నిజమేనని జనం నమ్ముతారు, తమ జ్ఞాపకం కంటే ఎక్కువగా నమ్ముతారు. ఆ శనివారం ఆ గడులు ఖాళీగా వదిలేసి ఉంటే నాకు పైనుంచి ఒకరోజు చీవాట్లు పడేవి, అంతే.