కొంగ రెక్కలో కంచం

బుడమేరు వాగు పొంగి ఊరు మునిగిన మరుసటి ఏడు ఉయ్యూరు బస్సెక్కాను. నా పక్కన ఒకావిడ కూర్చుంది. సీట్ల మధ్య ఓ యువకుడు మనిషెత్తు కొంగను పట్టుకుని నిలబడ్డాడు. వరద చెత్తలో ఏరిన సొట్టల గిన్నెలు, మూతలు, కంచాలు తీగతో కుట్టి చేసిన కొంగ అది. దాని ముక్కు నా చెవికి తగులుతుంటే చిరాగ్గా ఉంది.

బెంజి సర్కిల్ దాటామో లేదో, ఆవిడ దాని రెక్క పట్టేసుకుంది.

"ఈ కంచం మాది. ఎక్కడిదయ్యా నీకు?"

"చెత్తకుప్పలో దొరికిందండీ."

"చెత్తేంటి? మా అమ్మ తన పేరు వేయించి మరీ నా సారెలో పెట్టింది. పోయేముందు కూడా ఇందులోనే తింది. ఇదిగో చూడు!"

చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు. 'రత్త' వరకే కనిపిస్తోంది. మిగతాది ఓ మూత కింద ఉంది.

"దొంగ సొత్తా ఏంటి?" అన్నారెవరో వెనక నుంచి. కండక్టరు విజిలేసి బస్సాపించాడు.

"తేల్చుకోండి, లేదంటే ఇద్దరూ దిగండి."

యువకుడి మొహం పాలిపోయింది. సంచిలోంచి కటింగ్ ప్లేయర్ తీసి, కంచం తీగ తెంపబోయాడు. రెక్క ఓ పక్కకి ఒరిగింది.

"ఆగు," అందావిడ, రెక్క వదలకుండానే. "దీన్నెక్కడ పెడతావు?"

"కాలవ గట్టు మీదండీ. వచ్చేపోయే వాళ్లందరికీ కనపడేట్టు."

బస్సు ఆగే ఉంది. ఆవిడ ఆ అక్షరాలను వేలితో తడిమింది.

"అయితే ఆ మూత తీసెయ్. అమ్మ పేరు పూర్తిగా కనపడాలి."

ఇంటికెళ్లాక, అన్నం పెట్టుకోబోతూ నా కంచం తిరగేసి చూశాను. మా నాయనమ్మ పేరు, తోమి తోమి సగం అరిగిపోయి ఉంది.